జనవరి వార్తాలేఖ: 36 కుర్చీల బస్సు

తల్లిదండ్రులకు నమస్కారం.

సంక్రాంతి సెలవులు కాగానే 8వ తరగతి పిల్లలు అసెంబ్లీ హాల్లో 36 కుర్చీలు వరసలుగా వేసి ఒక బస్సు కడతారు. 1955లో అమెరికాలో, అలబామా రాష్ట్రపు మాంట్‌గోమరీలో తిరిగిన సిటీ బస్సు అది. ముందు 10 సీట్లు తెల్లవాళ్లవి. ఖాళీగా ఉన్నా నల్లజాతివాళ్లు కూర్చోకూడదు. మధ్య సీట్లలో కూర్చోవచ్చు గానీ, ఒక్క తెల్లవాడు నిలబడాల్సి వచ్చినా ఆ వరస మొత్తం లేవాలి. డిసెంబర్ 1న రోజా పార్క్స్ అనే నల్లజాతి మహిళ లేవనన్నది ఈ మధ్య వరసలోనే. అందుకే ఆమెను అరెస్టు చేశారు. ఇంట్లో పిల్లలకు ఆమెను కాళ్లు నొప్పి పుట్టి లేవలేకపోయిన ముసలమ్మగా మాత్రం చెప్పకండి. అప్పటికామెకు 42 ఏళ్లు, పౌరహక్కుల సంఘంలో ఏళ్లుగా పనిచేస్తున్న మనిషి.

మార్టిన్ లూథర్ కింగ్ అనగానే మన పిల్లలు 1963 నాటి వాషింగ్టన్ ఉపన్యాసం గడగడా అప్పజెప్పేస్తారు. అందుకే ఈసారి వక్తృత్వ పోటీ లేదు. పార్క్స్ అరెస్టుకు నిరసనగా మాంట్‌గోమరీ నల్లజాతివాళ్లు సిటీ బస్సులు ఎక్కడం మానేశారు. 26 ఏళ్ల పాస్టరుగా కింగ్ నాయకత్వం వహించిన ఆ బస్సు బహిష్కరణ 381 రోజులు ఎలా నడిచిందన్నదే పాఠం. లెక్కల పీరియడు కూడా దీనికే. బస్సు టికెట్టు 10 సెంట్లు. టాక్సీవాళ్లు అంతే తీసుకుని ఎక్కించుకుంటే, కనీసం 45 సెంట్లు వసూలు చేయాల్సిందేనని నగరపాలకులు పట్టుబట్టారు. దాంతో సుమారు 300 సొంత కార్లు, ఎక్కే దిగే చోట్లతో సహా రంగంలోకి దిగాయి. కార్ల బీమా రద్దయితే లండన్‌లోని లాయిడ్స్ అనే బీమా సంస్థ నుంచి తెచ్చుకున్నారు.

నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది చివరి ఘట్టం. బస్సుల్లో ఇలా సీట్లు వేరుచేయడం చెల్లదని సుప్రీంకోర్టులో గెలిచాక, 1956 డిసెంబర్ 21న మళ్లీ బస్సెక్కే ముందు, చర్చిల్లో కుర్చీలు బస్సులా వేసి రిహార్సల్ చేశారు. ఒకరు డ్రైవరు, కొందరు తెల్లవాళ్లు, కొందరు నల్లవాళ్లు. తిట్టేవాడు తిడతాడు, తోసేవాడు తోస్తాడు. తెల్లవాడి వేషం కట్టినవాడు ఒక్కోసారి మరీ రెచ్చిపోయేవాడు. తిట్లు తినేవాడు అహింస మరిచి తిరిగి కొట్టేవాడు. అక్కడ ఆపి, ఏం తప్పిందో మాట్లాడుకుని, మళ్లీ మొదలు. తిడితే తిట్టొద్దు, కొడితే కొట్టొద్దు, వేరే సీటుంటే పనిగట్టుకుని తెల్లవాళ్ల పక్కన కూర్చోవద్దు అని కాగితం కూడా పంచారు.

మన హాల్లో కులం, రంగు, ఒళ్లు గురించి ఒక్క మాట ఉండదు. ఒకరి మీద ఒకరు చెయ్యి వేయరు. తోసే వేషం ఎవరికైనా రెండు నిమిషాలే, తర్వాత పాత్రలు మారతాయి. వద్దనుకున్న పిల్లలు చూసేవాళ్లలో కూర్చోవచ్చు. ఆ సంగతి డైరీలో రాసి పంపండి.

ఇంటికొచ్చాక మన హోటళ్లలో రెండు గ్లాసుల పద్ధతి గురించి అడుగుతారు, దాటేయకండి. 1959లో కింగ్ మనదేశం వచ్చినప్పుడు తిరువనంతపురంలో దళిత పిల్లల బడికి వెళ్లారు. ఆ బడి ప్రిన్సిపాల్ ఆయన్ను అమెరికా నుంచి వచ్చిన సాటి అంటరానివాడిగా పరిచయం చేశారు. ఆయన మొదట నొచ్చుకున్నారు, కాసేపు ఆలోచించాక నిజమేననుకున్నారు. ఈ విషయం మేం తరగతిలో చెబుతాం. మీ ఊరి సంగతి తాతయ్యలూ అమ్మమ్మలే చెప్పాలి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు