లిచీ, పనస, మామిడి విత్తనాలు ఇకపై పండ్లు వచ్చినప్పుడే పంపుతాం

అందరికీ నమస్తే. మా దగ్గర పండ్ల చెట్ల విత్తనాలు కొనేవాళ్ళు ఈ మధ్య ఎక్కువగా అడుగుతున్నది ఒకటే: బొప్పాయి, జామ, సపోటా ఎప్పుడు చూసినా దొరుకుతాయి, లిచీ, రంబుటాన్, పనస మాత్రం ఎప్పుడూ "స్టాక్ లేదు" అనే ఎందుకు చూపిస్తుంది అని. దీనికి సమాధానం కాస్త పెద్దది, పైగా ఈ సీజన్ నుంచి మా పద్ధతి కూడా మారుతోంది కాబట్టి అన్నీ ఒకేచోట రాస్తున్నాను.

ముందు మారేదేమిటో చెప్పేస్తాను. మామిడి, పనస, లిచీ, రంబుటాన్, మాంగోస్టీన్, నేరేడు, అవకాడో, వీటికి ఏడాది పొడవునా ముందస్తు ఆర్డర్లు తీసుకోవడం ఆపేస్తున్నాం. పండు కోతకు వచ్చినప్పుడే లిస్టులో పెడతాం, గింజ తీసిన తేదీ ప్యాకెట్ మీద రాస్తాం, తడి కొబ్బరి పొట్టులో పెట్టి వారం మొదట్లోనే పంపుతాం, ఎందుకంటే శనివారం బయల్దేరిన పార్సిల్ ఆదివారమంతా కొరియర్ గోడౌన్‌లో ఉడికిపోతుంది.

ఇంత హడావిడి దేనికంటే, ఈ విత్తనాలు నిలవ ఉండే రకం కావు. వంగ, టమాటా, మిరప గింజలు ఎండేకొద్దీ గట్టిపడి నిద్రలోకి పోతాయి, మళ్ళీ నీళ్ళు తగిలేదాకా ఏళ్ళ తరబడి ఆగుతాయి. బొప్పాయి, జామ, సపోటా గింజలు కూడా ఆరబెడితే కొంతకాలం ఆగుతాయి, అందుకే అవి ఎప్పుడూ దొరుకుతాయి. వానలు ఆగని వెచ్చటి అడవుల్లో పుట్టిన చెట్లకు ఆ అవసరమే రాలేదు. పండు రాలితే కింద నేల తడిగానే ఉంటుంది, చలి ఉండదు, వెంటనే మొలవడమే వాటికి తెలుసు. అలాంటి గింజను ఎండబెడితే నిద్రపోదు, చచ్చిపోతుంది. లిచీ గింజ పండులోంచి తీసి గాలికి వదిలేస్తే నాలుగైదు రోజుల్లోనే మొలకెత్తే శక్తి పోతుంది. పనస తడి ఆరకుండా చూసుకుంటే నెల దాకా ఆగుతుంది. ఫ్రిజ్‌లో పెడితే ఇంకా ఎక్కువ కాలం ఉంటుందనుకుని చాలామంది పెడుతున్నారు, దయచేసి వద్దు. ఈ గింజల్లో చాలావాటికి ఎండిపోవడం ఎంత చేటో చలి కూడా అంతే చేటు, లోపల కణాలు దెబ్బతిని మెత్తబడి కుళ్ళిపోతాయి. అందుకే ఎవరైనా రంబుటాన్ విత్తనాలని చెప్పి గలగలమనే ఎండు ప్యాకెట్ అమ్మితే, అది ఎంత చవకైనా కొనకండి.

పార్సిల్ విప్పాక పనస గింజకు తెల్లగా చిన్న తోక కనిపిస్తే పాడైపోయిందని ఫొటోలు పంపుతున్నారు. ఆ తోకే మొక్క తొలి వేరు. దారిలోనే మొలక మొదలైందన్నమాట, అంతకంటే మంచి కబురు లేదు. వేరు విరగకుండా కిందికి ఉండేలా పెట్టి, గింజ మునిగేంత మట్టి కప్పండి చాలు. మొక్క పెంచే కవర్ మాత్రం లోతైనది తీసుకోండి. పనసకు తల్లివేరు త్వరగా, పొడవుగా దిగుతుంది, అది అడుగు తగిలి మెలికలు తిరిగాక మార్చి నాటితే మొక్క చాలాకాలం కోలుకోదు.

మామిడి గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎక్కువ అనుమానాలు దీని మీదే వస్తున్నాయి. మేం టెంకను అలాగే పంపుతాం. మీరు పీచు గీకేసి, అంచు వెంట కత్తెరతో జాగ్రత్తగా తెరిస్తే లోపల గోధుమరంగు పల్చటి పొరలో జీడి ఉంటుంది. గట్టిగా, నిండుగా ఉంటే మంచిది. నల్లబడి, పొడిపొడిగా రాలుతుంటే లోపల టెంక పురుగు తిన్నట్టు, అది నాటకండి, మాకు ఫొటో పెడితే వేరేది పంపుతాం. జీడిని ఉబ్బెత్తు వైపు పైకి ఉండేలా, పైపైన మట్టిలో పెట్టండి. రెండు మూడు వారాల్లో ముదురు ఎరుపు రంగులో లేత ఆకులు వేలాడుతూ బయటికొస్తాయి, వాడిపోయినట్టే కనిపిస్తాయి కానీ వాడినవి కావు, కొద్ది రోజుల్లో పచ్చబడి నిలబడతాయి. ఆ టైంలో టెన్షన్ పడి నీళ్ళు ఎక్కువ పోస్తే నారుకుళ్ళు వచ్చి కాండం మొదట్లోనే మొక్క పడిపోతుంది.

ఇక అసలు విషయం. తిన్న పండే మళ్ళీ కాస్తుందా? మామిడిలో రెండు రకాలున్నాయి. భారత ఉపఖండంలో పుట్టిన రకాల్లో ఎక్కువ వాటికి గింజలో ఒకే పిండం ఉంటుంది, అది పూత దశలో కలిసిన పుప్పొడిని బట్టి తయారవుతుంది కాబట్టి కాయ ఎలా ఉంటుందో ఎవరూ చెప్పలేరు. ఆగ్నేయాసియా రకాల్లో చాలావాటికి ఒకే గింజలోంచి రెండు మూడు మొలకలు వస్తాయి, వాటిలో చాలావరకు తల్లి కణజాలం నుంచి పుట్టినవే, అంటే తల్లిచెట్టుకు నకళ్ళు. మాంగోస్టీన్ కూడా తల్లిలాగే వస్తుంది, కానీ ఎనిమిది పదేళ్ళ ఓపిక కావాలి. ఇకపై ప్రతి రకం దగ్గర "తల్లిలాగే వస్తుంది" లేదా "చెప్పలేం" అని స్పష్టంగా రాస్తున్నాం. ఫలానా రుచే కావాలి, త్వరగా కావాలి అనుకుంటే అంటు మొక్క కొనుక్కోండి. మేం అంటు మొక్కలు అమ్మం, అయినా ఇది చెప్పకపోతే నాకు మనసొప్పదు. గింజ మొక్క పెట్టి, అది పెన్సిల్ లావు అయ్యాక నచ్చిన చెట్టు కొమ్మ తెచ్చి అంటు కట్టుకోవచ్చు, నాకైతే అన్నిటికంటే నచ్చే దారి అదే.

బొప్పాయి సంగతి వేరు. మేం ఒకే పువ్వులో ఆడ, మగ భాగాలు రెండూ ఉండే చెట్టు కాయల గింజలే తీసుకుంటాం. ఆ చెట్టు తన పుప్పొడితోనే కాసిన కాయలవి కాబట్టి మొలిచిన మొక్కల్లో సుమారు మూడింట రెండొంతులు తల్లిలాంటివి, ఒక వంతు ఆడవి వస్తాయి, మగవి రావు. గింజ చుట్టూ ఉండే జిగురు పొర మొలకను ఆపుతుంది, మేం దాన్ని జల్లెడలో రుద్ది కడిగి నీడన ఆరబెట్టే పంపుతాం, మీరు మళ్ళీ కడగక్కర్లేదు. సపోటా, సీతాఫలం నెల దాటినా మొలవకపోతే తవ్వి చూడకండి, వాటి నడక అంతే. అన్నిటికీ 25 నుంచి 30 డిగ్రీల వెచ్చదనం కావాలి, చలికాలంలో నాటి మొలవలేదని అడిగితే నా దగ్గరా మందు లేదు.

లిచీ, రంబుటాన్‌కు ముందే డబ్బు కట్టినవాళ్ళకు ఈ వారంలో మెసేజ్ వస్తుంది. వెనక్కి కావాలంటే మొత్తం ఇచ్చేస్తాం, ఆగుతామంటే కొత్త పంటలో మొదటి గింజలు మీవే. పంపేముందు ఒకరోజు మళ్ళీ అడుగుతాం, ఆ వారం ఇంట్లో ఎవరూ ఉండకపోతే మొహమాటం లేకుండా చెప్పండి, తర్వాతి కోతలోంచి పంపుతాం.