చిన్న దొంగతనమా, నీళ్లు ఆపిన నేరమా?

సంపాదకుల వారికి నమస్కారం.

అమెరికా కోర్టు వార్తలను తెలుగులో ఇచ్చేటప్పుడు ‘ఫెలొనీ’ని తీవ్ర నేరమనీ ‘మిస్‌డిమీనర్’ను చిన్న నేరమనీ మీ పత్రిక రాస్తోంది. అనువాదంలో తప్పేమీ లేదు. అయితే ఆ వార్తలు చదివినవాళ్లు మన చట్టంలోనూ నేరాలను అలాగే రెండు రాశులు పోసి ఉంటారని అనుకోవడం, చిన్న రాశిలో పడినదాన్ని పోలీసులు పట్టించుకోనక్కర లేదని నమ్మడం ఈ మధ్య నేను తరచుగా చూస్తున్నాను. కోర్టుల్లో బెంచి క్లర్కుగా ఇరవై ఏళ్లకు పైగా పనిచేసి, అనంతపురంలో స్థిరపడినవాడిని కనుక, మా ఇంట్లోనే జరిగిన ఒక సంగతిని పట్టుకుని ఈ ఉత్తరం రాస్తున్నాను.

అమెరికా ఫెడరల్ చట్టంలో ఏడాదికి మించి జైలు శిక్ష వేయదగిన నేరం ఫెలొనీ. ఏడాది లేదా అంతకు తక్కువ అయితే మిస్‌డిమీనర్. దొంగతనం విషయంలో గీత రాష్ట్రానికొక చోట ఉంటుంది. టెక్సాస్‌లో అది 2,500 డాలర్ల దగ్గర ఉంటే, కాలిఫోర్నియాలో 950 డాలర్ల దగ్గర ఉంది. ఈ మాటలు పుట్టిన ఇంగ్లండులో ఒకప్పుడు ఫెలొనీ రుజువైతే మనిషి ఆస్తి కూడా జప్తయ్యేది. ఆ జప్తును 1870లో తీసేశారు, 1967లో ఆ విభజననే ఎత్తేశారు. 1860లో మనకు శిక్షాస్మృతి చేసిపెట్టినవాళ్లు ఇంగ్లీషువాళ్లే అయినా ఆ విభజనను ఇక్కడికి తేలేదు.

మన దగ్గర ప్రతి నేరానికీ వేరువేరుగా మూడు సంగతులు చూస్తారు. మేజిస్ట్రేటు అనుమతి లేకుండా పోలీసులు కేసు కట్టి దర్యాప్తు చేయవచ్చా, బెయిలు నిందితుడి హక్కా కాదా, విచారణ ఏ కోర్టులో జరగాలి అన్నవి ఆ మూడూ. ఇవి ఒకదాని వెంట ఒకటి నడవవు. ఎముక విరిగేలా కొట్టినవాడికి ఏడేళ్ల దాకా శిక్ష పడవచ్చు, అయినా బెయిలు అతని హక్కు. మెడలో గొలుసు తెంపుకుపోయినవాడికి మూడేళ్లకు మించి పడదు, అయినా బెయిలు హక్కు కాదు. మా కోర్టు ఆవరణలో ఈ తేడా వివరించలేక కొత్త లాయర్లు క్లయింట్ల ముందు తడబడటం ఎన్నిసార్లు చూశానో.

ఇక మా సంగతికి వస్తాను. గత వేసవిలో ఒక రాత్రి మా తమ్ముడి చీనీ (బత్తాయి) తోటలో బోరు నుంచి స్టార్టరు పెట్టె దాకా ఉన్న 30 మీటర్ల కేబులును ఎవరో కోసుకుపోయారు. తెల్లారి వెతికితే కొంచెం దూరాన వంకలో కాల్చిన మరక, దాని మధ్య నల్లటి ప్లాస్టిక్ ముద్ద కనిపించాయి. రాగి తీగ ఒలుచుకుని మిగతాది అక్కడే వదిలేశారు. కొత్త కేబులు తెచ్చి బిగించేసరికి ఆరు రోజులు పట్టింది. ఆ ఎండకు డ్రిప్పు ఆగిన చెట్ల కింద పిందె గోలీల మాదిరి రాలిపడి ఉంది. స్టేషనుకు వెళ్తే అక్కడ రాతపని చూసే రైటరు కేబులు కొన్నప్పటి బిల్లు అడిగి చూసి, “నాలుగు వేల అయిదు నూర్లే కదన్నా, అయిదు వేల లోపల మా చేతిలో లేదు, చిన్న కేసు” అని ఫిర్యాదు కాగితాన్ని తిరిగి ఇచ్చేశాడు.

రైటరు చెప్పింది కల్పన కాదు. 2024 జూన్ వరకు ఎంత విలువైన దొంగతనమైనా పోలీసులు నేరుగా కేసు కట్టదగినదే. జూలై 1న కొత్త చట్టాలు అమల్లోకి వచ్చాక, కేసుల దర్యాప్తు, విచారణ పద్ధతిని చెప్పే భారతీయ నాగరిక సురక్ష సంహిత మొదటి షెడ్యూలులో (నేరాల పట్టికలో) 5,000 రూపాయల లోపు దొంగతనాన్ని నాన్ కాగ్నిజబుల్‌గా (పోలీసులు నేరుగా కేసు కట్టరానిదిగా), బెయిలబుల్‌గా (బెయిలు హక్కుగా ఉన్నదిగా) చూపారు. మొదటిసారి దోషిగా తేలి, సొత్తునో దాని విలువనో తిరిగి ఇచ్చినవాడికి జైలు బదులు సమాజ సేవ శిక్షగా వేయాలన్నది నేరాలనూ శిక్షలనూ చెప్పే భారతీయ న్యాయ సంహిత 303 సెక్షనులోని దయగల నిబంధన. ఆకలికి రొట్టె దొంగిలించిన కుర్రవాణ్ణి జైలుకు పంపకూడదన్న ఆలోచనను నేను మనసారా ఒప్పుకుంటాను. కానీ దొంగ ఎవరో తెలియకముందే అతనికి ఇది మొదటి తప్పేననీ, సొత్తు తిరిగి ఇస్తాడనీ ఎవరు తేల్చారు? షెడ్యూలులో నేరం గడిలో విలువ ఒక్కటే ఉంది. దాంతో దొరికిన దొంగకు చూపవలసిన దయ దొరకని దొంగకు కూడా అందుతోంది. ఆ విలువైనా ఏ రోజుది? నాలుగేళ్ల నాటి బిల్లులో 4,500 ఉన్న కేబులుకే తమ్ముడు ఈసారి 6,200 పెట్టాడు. అదే కేబులు చుట్టను మోటారు షెడ్డులో పెట్టి ఉంచగా ఎత్తుకుపోయి ఉంటే, సొత్తు దాచే కట్టడంలో దొంగతనం కనుక 305 సెక్షను కిందికి వచ్చి ఏడేళ్ల దాకా శిక్ష వేయదగిన నేరమయ్యేది. షెడ్డు కట్టుకోలేక స్తంభానికి పెట్టె బిగించుకున్న రైతుకే ఈ నష్టం.

అయినా చట్టంలో దారి లేకపోలేదు, ఈ ఉత్తరం ముఖ్యంగా అందుకే. ఆస్తికి చెరుపు చేసి సేద్యపు నీటి సరఫరా తగ్గేలా చేయడం న్యాయ సంహిత 326వ సెక్షను (ఎ) క్లాజు కింద అయిదేళ్ల దాకా శిక్ష ఉన్న నేరం, కాగ్నిజబుల్ కూడా. దొంగ వచ్చింది రాగి కోసమే గాని నీళ్లు ఆపాలని కాదు కదా అని ఎవరైనా అనవచ్చు. నీళ్లు తగ్గే అవకాశం ఉందని తెలిసి చేసినా చాలునని ఆ సెక్షనులోనే ఉంది. బోరు కేబులు కోస్తే నీళ్లు ఆగుతాయని తెలియని దొంగ మన జిల్లాలో ఉంటాడని నేననుకోను. ఒకే ఘటనలో రెండు నేరాలుండి వాటిలో ఒకటి కాగ్నిజబుల్ అయితే మొత్తం కేసునే కాగ్నిజబుల్‌గా ఎంచాలని సురక్ష సంహిత 174(4) చెబుతోంది. అనుమానముంటే, మూడేళ్లకు తగ్గకుండా ఏడేళ్ల లోపు శిక్ష ఉన్న నేరాల్లో డీఎస్పీ అనుమతితో 14 రోజుల్లో ప్రాథమిక విచారణ ముగించే వీలు 173(3)లో ఉంది.

ఒకవేళ ఇది అచ్చంగా నాన్ కాగ్నిజబులే అనుకున్నా, కాగితం తిప్పి పంపడం కుదరదు. ఫిర్యాదు సారాన్ని పుస్తకంలో రాసుకుని, ఫిర్యాదుదారును మేజిస్ట్రేటు దగ్గరికి పంపాలి. అలాంటి కేసుల డైరీ రిపోర్టు పక్షానికొకసారి మేజిస్ట్రేటుకు వెళ్లాలి. మా తమ్ముడి పేరు ఏ పుస్తకంలోనూ ఎక్కలేదు కనుక, ఆ పక్షం రిపోర్టులో మా మండలంలో కేబులు దొంగతనాలు లేనట్టే లెక్క.

నార్పల, పుట్లూరు, గార్లదిన్నె వైపు చీనీ రైతులు మీ పత్రిక జిల్లా పేజీని మొదట తిరగేస్తారు. కేబులు, స్టార్టరు దొంగతనాల వార్త వేసినప్పుడల్లా కేసు కట్టారా లేదా, కడితే ఏ సెక్షను అన్నది కూడా అడిగి ఒక్క వాక్యం రాయించమని మీ విలేకరులకు చెప్పగలరని ప్రార్థన. బోరు కేబులు ఫిర్యాదుల్లో 326ను పరిశీలించాలని జిల్లా పోలీసు అధికారులు స్టేషన్లకు ఒక మెమో ఇస్తే ఇంకా మంచిది; దానికి కొత్త చట్టమేదీ అక్కరలేదు.

తిరిగి ఇచ్చేసిన ఆ ఫిర్యాదు కాగితం తమ్ముడి దగ్గర భద్రంగానే ఉంది. కొత్త బిల్లు, వంకలో మసి ముద్దకు తీసిన ఫొటో జతచేసి, సెక్షను నంబరు నా చేత్తోనే పైన రాసి, సోమవారం ఇద్దరం కలిసి మళ్లీ స్టేషనుకు వెళ్తున్నాం.

ఇట్లు,
ఒక విశ్రాంత కోర్టు ఉద్యోగి,
అనంతపురం