ముఖ్యమంత్రి గారికి: కొత్త భవనం కన్నా ముందు ఒక చిన్న గది కావాలి

గౌరవనీయులైన తెలంగాణ ముఖ్యమంత్రి గారికి,

నమస్కారం. నేను హైదరాబాద్‌లో బయోకెమిస్ట్రీలో పీహెచ్‌డీ చేస్తున్నాను. ఇది నాలుగో ఏడాది. యూనివర్సిటీలు, ఆసుపత్రులు కలిసి పనిచేసే ఉమ్మడి పరిశోధన కేంద్రం గురించి ఉన్నత విద్య, వైద్య ఆరోగ్యం, పరిశ్రమలు అంటూ మూడు శాఖలకు విడివిడిగా రాస్తే ఒక్కొక్కరూ పక్క గది చూపిస్తారని నేరుగా మీకే రాస్తున్నాను.

షుగర్ ఉన్నవాళ్లకు కిడ్నీ దెబ్బతింటోందని, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు తగ్గితే రక్తంలో పెరిగే పదార్థం) పెరగకముందే రక్తంలో పసిగట్టవచ్చా అన్నది నా పని. రోగులు ప్రభుత్వ ఆసుపత్రిలో ఉంటారు, రక్తాన్ని పరీక్షించే మెషీన్ మా క్యాంపస్‌లో ఉంటుంది. మధ్యలో ఆటోకు ముప్పావుగంట. అనుమతులకు పట్టింది 14 నెలలు.

రోగులపై పరిశోధన సరైన పద్ధతిలో జరుగుతుందా అని చూసి అనుమతిచ్చేది ఎథిక్స్ కమిటీ. మా యూనివర్సిటీ కమిటీ ఒప్పుకున్నాక ఆసుపత్రి కమిటీ మళ్లీ మొదటి నుంచి చూస్తామంది. చూడాల్సిందే, అది రోగి ఒంటికీ వివరాలకూ సంబంధించిన సంగతి. కానీ ఒకసారి కోరం లేదన్నారు, అంటే సరిపడా సభ్యులు రాలేదట. ఇంకోసారి ఎంఓయూ (రెండు సంస్థల మధ్య ఒప్పందం) లేనిదే ఫైల్ కదలదన్నారు. ఎంఓయూ కోసం వెళ్తే ఎథిక్స్ అనుమతి జత చేసి తెమ్మన్నారు. నా ఫెలోషిప్ మొత్తం ఐదేళ్లే సార్.

ఆ తర్వాత రక్తం గొడవ. తీసిన రక్తాన్ని రెండు మూడు గంటల్లో సెంట్రిఫ్యూజ్ అనే వేగంగా తిరిగే యంత్రంలో తిప్పి ప్లాస్మా, అంటే రక్తంలోని ద్రవభాగం, వేరు చేయాలి. ఎండ తగిలినా, బాగా కుదుపులు పడినా, ఆలస్యమైనా ఎర్రకణాలు పగులుతాయి. లేత పసుపు రంగులో ఉండాల్సిన ప్లాస్మా గులాబీ రంగుకు తిరుగుతుంది. అలాంటి ట్యూబు నా పనికి పనికిరాదు. మొన్న మే నెలలో థర్మోకోల్ డబ్బాలో ఐస్ ప్యాకుల మధ్య 11 ట్యూబులు పెట్టుకుని ఆటోలో బయలుదేరాను. ఫ్లైఓవర్ కింద ట్రాఫిక్ ఆగిపోయింది. ల్యాబ్‌కు చేరి తిప్పి చూస్తే నాలుగు గులాబీ రంగులో ఉన్నాయి. అందులో ఒకటి నల్లగొండ వైపు నుంచి వచ్చిన ఒక పెద్దమ్మది. ఆమెకు చదువు రాదు. ఫారం అంతా చదివి వినిపించాక వేలిముద్ర వేసి, చెయ్యి చాపి, "నా రక్తం మంచిగ పనికొస్తదా బిడ్డా?" అని అడిగింది. వస్తుందమ్మా అన్నాను.

ఇదే జంటనగరాల్లో 1897 ఆగస్టు 20న బ్రిటిష్ డాక్టరు రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూశారు. హుస్సేన్ ఖాన్ అనే రోగిని దోమల చేత కుట్టించి, దోమకు అణా చొప్పున ఇచ్చారు. ఇవాళ ఏ కమిటీ దానికి ఒప్పుకోదు, ఒప్పుకోకూడదు కూడా. నాకు అసూయ కలిగించేది వేరే సంగతి. ఆయన రోగి, ఆయన మైక్రోస్కోపు ఒకే చోట ఉన్నాయి.

అంత వెనక్కి పోనక్కర్లేదు. 1997లో శాంతా బయోటెక్నిక్స్ హెపటైటిస్-బి టీకాను విదేశీ ధరలో చిన్న వంతుకే తెచ్చింది. ఆ కంపెనీ తొలి అడుగులు ఉస్మానియా యూనివర్సిటీలో, ఆ తర్వాత కణజీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీలో పడ్డాయి. సొంత ల్యాబ్ లేనివాళ్లకు బెంచీ ఇచ్చారు, అంతే. తార్నాక, హబ్సిగూడ చుట్టూ ఉస్మానియా క్యాంపస్, ఐఐసీటీ (రసాయన పరిశోధన సంస్థ), ఎన్ఐఎన్ (పోషకాహార సంస్థ), సీసీఎంబీ, కాస్త ముందుకెళ్తే ఉప్పల్‌లో సీడీఎఫ్‌డీ (డీఎన్ఏ పరీక్షల సంస్థ). అటు గచ్చిబౌలిలో సెంట్రల్ యూనివర్సిటీ, శామీర్‌పేట దాటితే బయోటెక్ కంపెనీలుండే జీనోమ్ వ్యాలీ. ఊళ్లో బోధనాసుపత్రులు సరేసరి. ఇన్ని ఉన్నా ఒకరి ఫ్రీజర్ ఇంకొకరికి తెరుచుకోదు.

ఉమ్మడి పరిశోధన కేంద్రం అనగానే మనకు శంకుస్థాపన గుర్తొస్తుంది. శాలువాలు, ఎంఓయూ ఫొటో, కోట్ల రూపాయల మెషీన్. రెండేళ్లకు వారంటీ అయిపోతుంది, ఏఎంసీకి (ఏటా చేయించాల్సిన మరమ్మతుల ఒప్పందానికి) డబ్బుండదు. ప్రాజెక్టుతో పాటే కాంట్రాక్టు టెక్నీషియన్ వెళ్లిపోతాడు, మెషీన్ మీద గుడ్డ కప్పుతారు. మా ల్యాబ్‌లోనూ అలాంటిది ఒకటుంది. దాని మీద ఇప్పుడు పేపర్లు ఆరబెట్టుకుంటున్నాం.

నేను అడిగేది చిన్నది. ప్రతి ప్రభుత్వ బోధనాసుపత్రిలో, ఓపీకి దగ్గర్లో ఒక గది ఇప్పించండి. అందులో సెంట్రిఫ్యూజ్, మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్, దానికి జనరేటర్ లైను, పర్మనెంట్ పోస్టులో ఒక టెక్నీషియన్ ఉంటే చాలు. రక్తాన్ని అక్కడే తిప్పి, నంబరు వేసి దాస్తే ఏ యూనివర్సిటీ అయినా అనుమతి చూపించి తీసుకెళ్తుంది. ఉమ్మడి కేంద్రం అంటే నా దృష్టిలో ముందు ఆ గదే. మిగతా భవనం తర్వాత కట్టుకోవచ్చు.

ఎథిక్స్ సంగతికి కొత్త చట్టం అక్కర్లేదు. ఒకటి కన్నా ఎక్కువ చోట్ల జరిగే పరిశోధనను ఉమ్మడిగా ఒకే కమిటీ సమీక్షించే దారిని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాలే చూపించాయి. రాష్ట్ర సంస్థలు దాన్ని పాటించాలని మీ ఆఫీసు నుంచి ఒక ఉత్తర్వు వస్తే చాలు. ఎంఓయూకు ఒకే నమూనా, జవాబు చెప్పడానికి ఒక గడువు అందులోనే పెట్టించండి. కంపెనీలు వస్తే రావచ్చు, కానీ రోగి వివరాలు ఎవరి దగ్గర ఉంటాయో, ఆ రక్తంతో వచ్చిన మందు ఆ రోగికి ఏ ధరకు దొరుకుతుందో ఆ నమూనాలోనే రాసి ఉండాలి. డాక్టర్లకు వారంలో ఒక పూట పరిశోధనకు వదిలితే ఇంకా మంచిది. ఓపీ క్యూ చూశాక అది గట్టిగా అడగడానికి నాకే మొహం చెల్లడం లేదు.

ఆ పెద్దమ్మ వచ్చే నెల రెండో మంగళవారం మళ్లీ ఓపీకి వస్తుంది. ట్యూబు పాడైందని చెబితే కోప్పడలేదు, ఇంకోసారి ఇస్తానంది. నా ఎథిక్స్ అనుమతి ఈ నెలాఖరుతో అయిపోతుంది. రెన్యువల్ ఫైల్ ఆసుపత్రిలో ఉంది.

ఇట్లు,
ఒక రీసెర్చ్ స్కాలర్,
హైదరాబాద్