ఓనరమ్మకు 200 దాటిన ఇంటి లెక్క, నాకు యూనిట్‌కు 10 రూపాయల లెక్క

సంపాదకులు గారికి నమస్కారం.

మీ పత్రికను నేను రోజూ వేయించుకోను, పాత పేపర్ల దుకాణంలో కిలో లెక్కన కొంటాను. మిషన్ కుట్టేదాన్ని. కొత్త కొలత వస్తే ముందు పేపరు మీద గీసి, కత్తిరించి చూసుకుని, ఆ తర్వాతే గుడ్డ మీద కత్తెర పెడతాను. గీసే ముందు ఆ పేజీలో ఏముందో చదవడం అలవాటు. మొన్న ఒక జాకెట్టుకు వీపు భాగం గీయబోతుంటే మీ మహిళల పేజీ చేతికొచ్చింది. ఎండాకాలంలో ఇల్లాలు కరెంటు బిల్లు ఎలా తగ్గించుకోవాలో రాశారు. ఏసీ మరీ తక్కువలో పెట్టొద్దట, వాషింగ్ మెషిన్ నిండాకే వేయాలట, ఫ్రిజ్ తలుపు మాటిమాటికీ తీయొద్దట.

మా ఇంట్లో ఫ్రిజ్ ఉంది. ప్లగ్గు తీసి రెండేళ్ళవుతోంది. అందులో లైనింగు గుడ్డలు, దారపు రీళ్ళు పెట్టుకుంటున్నాను. తలుపు ఎన్నిసార్లు తీసినా బిల్లు రాదు.

మాది వారాసిగూడ. పైన రేకులు, రెండు గదులు, నాలుగు పోర్షన్లున్న ఇంట్లో ఒక పోర్షన్. ఇంటికి కరెంటు మీటరు ఒక్కటే, ఓనరమ్మ పేరు మీద ఉంది. మెట్ల కింద మాకు తలొక సబ్ మీటరు బిగించారు. యూనిట్‌కు 10 రూపాయలు ఇవ్వాలి. ఏప్రిల్‌లో నాకు 118 యూనిట్లు వచ్చాయి, 1,180 రూపాయలు కట్టాను. ఆ రోజు మా అబ్బాయి ఫోనులో కరెంటు రేట్ల పట్టిక తీసి చూపించాడు. అవే 118 యూనిట్లు నా పేరు మీద ఉన్న మీటరులో తిరిగి ఉంటే, మొదటి వందకు 3 రూపాయల 40 పైసల చొప్పున 340, మిగతా 18కి 4 రూపాయల 80 పైసల చొప్పున 86. మొత్తం 426, పైన కొద్దిగా ఫిక్స్‌డ్ చార్జీ. ఇంతకీ తెల్లకార్డు ఉన్న ఇంటికి అది కూడా లేదు. తెలంగాణ ప్రభుత్వం పెట్టిన గృహజ్యోతి పథకం కింద 200 యూనిట్ల దాకా సున్నా బిల్లు.

నాకు తెల్లకార్డు ఉంది. 2023 డిసెంబర్ చివర ప్రజాపాలన పేరుతో ప్రభుత్వ పథకాలకు దరఖాస్తులు తీసుకున్నప్పుడు ఒక పూట కుట్టుపని మానుకుని లైన్లో నిలబడి ఇచ్చాను. మీటరు నంబరు రాయాల్సిన చోట ఏం రాయాలో తెలియలేదు. ఓనరమ్మను అడిగితే "నా నంబరు నువ్వెట్ల రాస్తవమ్మా" అంది. అదీ నిజమే.

ఓనరమ్మ చెడ్డ మనిషి అని నేననను. నాలుగు పోర్షన్లూ ఆమె వాటా కలిపితే మీటరు 480 యూనిట్ల దాకా తిరుగుతుంది. 200 దాటిన ఇంటికి మొదటి 200 యూనిట్లే 5 రూపాయల 10 పైసల లెక్క, ఆపై వందకు 7 రూపాయల 70 పైసలు, ఆ తర్వాతి వందకు 9 రూపాయలు, 400 దాటితే తొమ్మిదిన్నర. 480కి 3,450 రూపాయలు అవుతుంది, అంటే యూనిట్‌కు 7 రూపాయల చిల్లర. మోటరు, మెట్ల లైటు, ఫిక్స్‌డ్ చార్జీ అన్నీ కలుపుకుని పది అంటోంది. కాస్త మిగులుతుందేమో, మిగలనీయండి. విడివిడిగా చూస్తే మా నాలుగు కుటుంబాల్లో ఏ ఒక్కరమూ 200 దాటం. ఒకే మీటరు కింద ఉన్నందుకు పెద్ద బంగళావాళ్ళ రేటు మామీద పడుతోంది. వేరే మీటరు పెట్టించమంటే ఆమెకు రెండు భయాలు. కిరాయిదారుల పేరున మీటరొస్తే రేపు ఇల్లు ఖాళీ చేయరేమోనని ఒకటి. ఎవరైనా వచ్చి నా మిషన్ చప్పుడు విని ఇంటికి కమర్షియల్ రేటు వేస్తారేమోనని రెండోది.

ఆ మిషన్ సంగతి చెప్పాలి. 2021లో సంఘం అప్పుతో మోటరు బిగించుకున్నాను. నాకిప్పుడు 46 ఏళ్ళు, మోకాళ్ళు అరిగాయని డాక్టరమ్మ చెప్పింది. సబ్ మీటరు వచ్చాక మోటరు బెల్టు విప్పేసి మళ్ళీ తొక్కుడు మిషన్ మీదికి వచ్చాను. మోటరు ఆరు గంటలు నడిస్తే అర యూనిట్ పైన కాలుతుంది, రోజుకు 6 రూపాయలు, నెలకు 180. ఆ 180 మిగిలిందని సంబరపడ్డాను. మోకాళ్ళ మాత్రలకు నెలకు 240 అవుతోంది. లెక్క తప్పిందని నాకూ తెలుసు. అయినా బెల్టు మళ్ళీ ఎక్కించలేదు, ఎందుకంటే కరెంటు పైసలు నెల మొదట్లో ఒక్కసారిగా ఇవ్వాలి, మాత్రలు రెండు మూడు కొనుక్కుంటూ నెట్టుకురావచ్చు. సాదా జాకెట్టు కుట్టుకూలీ మా బస్తీలో ఐదేళ్ళుగా 150 దగ్గరే ఉంది. ఇరవై పెంచితే రెడీమేడ్ జాకెట్టు కొనుక్కుంటారు.

మా ఆయన ఆటో నడుపుతాడు. 2023 డిసెంబర్ 9 నుంచి ఆడవాళ్ళకు బస్సు ఉచితమైంది. హుక్కులకు, లైనింగుకు జనరల్ బజారు పోవడానికి నాకు పైసా ఖర్చు లేదు, నిజంగా సాయమైంది, కాదంటే కళ్ళు పోతాయి. కానీ అదే పొద్దున చిలకలగూడ చౌరస్తాలో ఆయన బోణీ కోసం చూస్తుంటాడు, ఇదివరకు ఆయన ఆటో ఎక్కిన ఆడవాళ్ళు ఎదురుగానే బస్సెక్కి పోతుంటారు. నాకు జీరో టికెట్, ఆయనకు జీరో గిరాకీ అని ఇంట్లో నవ్వుకుంటాం. రోజూ నవ్వు రాదు.

ఇక గ్యాసు. 2023 మార్చిలో బండ హైదరాబాద్‌లో 1,155 రూపాయలైంది. ఆ ఏడాది ఆగస్టు చివర 200, మరుసటి మార్చిలో 100 తగ్గించి, 2025 ఏప్రిల్‌లో 50 పెంచారు, 905 అయింది. మహాలక్ష్మి పథకం కింద మనకు 500కే అంటారు. అయితే ఐదొందల బండ కావాలంటే ముందు చేతిలో ఆ 905 ఉండాల్సి వచ్చింది, మిగతా 405 తర్వాత ఖాతాలో పడింది. బండ రెండంతస్తులు ఎక్కించినందుకు తెచ్చిన అబ్బాయికి ఇచ్చేది వేరే. పైగా ఏడాదికి ఎన్ని బండలకు ఈ ధర అనేది అంతకుముందు మూడేళ్ళు వాడినదాని సగటు చూసి కట్టారు. ఆ మూడేళ్ళు మేమెలా బతికామో వినండి. కరోనా, ఆటో బందు, తర్వాత వెయ్యి దాటిన బండ. ఏడాదికి ఐదు బండలతో నెట్టుకొచ్చాం. ఇప్పుడు నా వాటా ఐదే. బాగా గడిచినవాళ్ళు ఎనిమిది తొమ్మిది వాడారు, వాళ్ళకు అన్ని వస్తున్నాయి. కడుపు కట్టుకున్నందుకు నాకు తక్కువొచ్చింది.

ఐదు బండలతో ఏడాది ఎలా గడుస్తుందంటే, చాయ్ పొద్దున ఒక్కసారే పెట్టి ఫ్లాస్కులో పోస్తాను. పప్పు రాత్రే నానబెడతాను. అన్నం ఒక్కపూటే వండుతాను. వారంలో మూడు రోజులు పచ్చిపులుసు. చింతపండు పిసికి, ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి నలిపితే అయిపోతుంది, పొయ్యి మీద పెట్టేది పోపు గంటె ఒక్కటే. మా అత్తమ్మ చేతి పచ్చిపులుసు నాకెంతో ఇష్టం, ఇప్పుడు పేరెత్తితేనే నోరు పులుస్తోంది. వేడివేడిగా ముందు మా ఆయన, పిల్లలు తింటారు. చల్లారింది నేను తింటాను, మళ్ళీ వేడిచేయడం దండగ కదా. ఇవన్నీ ఏ లెక్కలోకీ రావు. సర్వేలో తెలంగాణలో నూటికి 90 పైగా ఇళ్ళలో గ్యాసే అని వచ్చిందట, మాదీ అందులో ఒక ఇల్లే.

మా సందు చివర కడుతున్న అపార్టుమెంటు దగ్గర పాలమూరు నుంచి వచ్చిన ఒక అమ్మాయి ఉంది, ఇద్దరు పిల్లలు. మూడు ఇటుకల పొయ్యి మీద సెంట్రింగు చెక్కల ముక్కలు కాల్చి వండుతుంది. వాటికి పూసిన ఆయిల్ అంటుకుంటే వచ్చే నల్లటి పొగ మా సందులోకే కొడుతుంది, పొయ్యి ముందు కూర్చున్న పిల్లకు ఎలా ఉంటుందో ఆలోచించండి. వానొచ్చిన రోజు దొంగచాటుగా నింపే దగ్గర చిన్న బండలో కిలో గ్యాసు 120 పెట్టి కొంటుంది. నేను 905కు కొన్న బండలో 14.2 కిలోలుంటుంది, కిలో 64 రూపాయలు కూడా పడలేదు. అంటే నాకంటే లేని మనిషి నాకు దాదాపు రెండింతల ధర కడుతోంది. కనెక్షన్ తీసుకోరాదా అంటే, "ఏ అడ్రస్ మీద తీసుకోవాలె అక్కా? ఇయ్యాల ఈడ, రేపు ఏడనో" అంది. నాకు నా సబ్ మీటరు గుర్తొచ్చింది.

రాత్రుళ్ళ సంగతి రాయాలా వద్దా అని ఆలోచించాను, రాస్తాను. పగలంతా కాలిన రేకు తెల్లారే దాకా సెగ దింపుతూనే ఉంటుంది. కూలర్ రాత్రి ఎనిమిది గంటలు నడిస్తే ఒకటిన్నర యూనిట్ దాకా కాలుతుంది, అంటే రాత్రికి 15 రూపాయల దాకా. అది ముందు గదిలో ఉంది. పొద్దున్నే స్టీరింగు పట్టేవాడికి, పరీక్షలు రాసే పిల్లలకు నిద్ర కావాలి కాబట్టి వాళ్ళు అక్కడ పడుకుంటారు. నేను వంటగది గడప దగ్గర పడుకుంటాను, గాలి అక్కడిదాకా రాదు. ఈ వయసులో ఒంట్లోంచే సెగలొస్తాయి, ఆడవాళ్ళకు చెప్పక్కరలేదు. రెండుసార్లు లేచి మెడ తడుపుకుంటాను. పాత ఫ్యాను 75 వాట్లు లాగుతుందని, కొత్తరకం 30 వాట్లకే తిరుగుతుందని మీ పేజీలో రాశారు. ఆ కొత్త ఫ్యాను 2,800 చెప్పాడు. అంత పైసలు ఒక్కసారి ఉంటే ముందు కిరాణా కొట్టులో ఉద్దెర తీర్చేదాన్ని.

సొంతిల్లున్నవాళ్ళు సుఖంగా ఉన్నారా అంటే వాళ్ళ బాధ ఇంకోరకం. మా ఎదురింటామె కూతురు పురుటికి వచ్చింది. పసిగుడ్డుకు చెమటకాయలని పగలు కూడా కూలర్ నడిపారు. మీటరు 206 దగ్గర ఆగింది. ఆరు యూనిట్లు దాటినందుకు ఆ ఆరే కట్టమంటే 46 రూపాయలు. కానీ 200 దాటితే ఉచితం మొత్తం పోతుంది, మొదటి యూనిట్ నుంచి లెక్క. 1,066 రూపాయల బిల్లు, పైన ఫిక్స్‌డ్ చార్జీ. బాలింత ఏడ్చింది, తన వల్లే అయిందని. ఇప్పుడు నెలాఖరు వారం ఆ ఇంట్లో అందరూ మీటరు ముందు నిలబడి లెక్కపెడతారు, ఫ్యాను ఎవరు ఆపాలన్న మాట వస్తే లేచేది కోడలే.

నేను పెళ్ళై నగరానికి వచ్చిన కొత్తలో, 2000 ఆగస్టు 28న, కరెంటు చార్జీలు తగ్గించాలని అసెంబ్లీకి బయల్దేరినవాళ్ళ మీద బషీర్‌బాగ్‌లో కాల్పులు జరిగాయి. ముగ్గురు చనిపోయారు. ఆ రోజు మా ఆయన ఆటో వదిలేసి నడుచుకుంటూ ఇల్లు చేరాడు. ఈ ఊళ్ళో కరెంటు బిల్లు చిన్న మాట కాదని నాకు అప్పుడే తెలిసింది. ఇప్పుడు బిల్లు గురించి మాట్లాడితే, "మీకు ఫ్రీయే కదమ్మా" అంటారు.

2025 ఉగాది నుంచి రేషన్ షాపులో సన్నబియ్యం ఇస్తున్నారు, మనిషికి ఆరు కిలోలు. మా కార్డు జనగామ దగ్గరి ఊరి చిరునామాతో ఉంది. అయినా వారాసిగూడ షాపులో వేలిముద్ర వేస్తే నలుగురికీ 24 కిలోలు ఇచ్చేస్తారు. బియ్యం మంచిగా ఉన్నాయి. నేను ఎక్కడుంటే నా బియ్యం అక్కడికొచ్చినప్పుడు, నా కరెంటు ఎందుకు రాదు? కార్డు నాది, వేలు నాది. సబ్ మీటరు రీడింగు కూడా నాదే, ఓనరమ్మ పుస్తకంలో ప్రతి నెలా రాసి సంతకం పెట్టించుకుంటుంది. నా 118 యూనిట్లు ఆమె బిల్లులోంచి తీసేసి నా కార్డు మీద వేయడానికి దారేదైనా ఉంటుంది. లేదంటే కిరాయిదారు పేరున మీటరు పెట్టినంత మాత్రాన ఇంటి మీద హక్కు రాదని ఆఫీసువాళ్ళే ఓనర్లకు ఒక కాగితం రాసివ్వాలి. 200 దాటినవాళ్ళ దగ్గర దాటినదానికే పైసలు తీసుకోవాలి. గ్యాసు సగటు సంగతి కూడా మళ్ళీ చూడమనండి, ఆ మూడేళ్ళు ఎవరికీ మామూలు ఏళ్ళు కావు.

మీ విలేకరిని పంపిస్తే మెట్ల కింద నాలుగు సబ్ మీటర్లు, ఓనరమ్మ పుస్తకం, లైనింగు గుడ్డల ఫ్రిజ్ చూపిస్తాను. మధ్యాహ్నం రావద్దనండి, రేకుల కింద ఐదు నిమిషాలు కూర్చోలేరు. సాయంత్రం ఆరు దాటాక రమ్మనండి. ఇంకో మాట, ఉత్తరం వేస్తే నా పేరు మాత్రం వేయకండి. మీ పేపరు ఓనరమ్మ వేయించుకుంటుంది.

ఇట్లు,
మిషన్ కుట్టే ఒకామె,
వారాసిగూడ, సికింద్రాబాద్