మూడు చుక్కలు, ఒక అడ్డగీత

ఒసేయ్ బుజ్జీ,

ముందు తిట్టెయ్, తర్వాత చదువు. నీ ఉత్తరం ఉగాదికి వచ్చింది, నేను జవాబు దసరాకి రాస్తున్నాను. మధ్యలో మూడుసార్లు మొదలుపెట్టాను, నీ మీదొట్టు. ఒకటి నిన్న కరెంటు బిల్లు కింద దొరికింది, "ఇక్కడ ఎండలు" అనే మాట దగ్గర ఆగిపోయి ఉంది. ఆ ఎండలు కూడా పోయాయి.

కబుర్లు గబగబా చెప్పేస్తాను. ఆయన బీపీ మాత్ర మార్చారు, కోపం మాత్రం మారలేదు. పెద్దదానికి వేరే ఉద్యోగం వచ్చింది. చిన్నది ఈసారి సెలవులకి ఇంటికి రాదట. పెరట్లో గోంగూర ఏపుగా పెరిగింది. అంతే. ఇక అసలు సంగతికి వస్తాను, కడుపు ఉబ్బిపోతోంది.

నేనొక అబద్ధం ఆడానే. పదిమంది ముందు, నిలబడి, నవ్వుతూ.

ఆగు, వరసగా చెప్తాను. "హ్యూస్టన్ దాకా వెళ్ళి బొంతలు కుడుతోందట" అని నువ్వు మా వదినతో నవ్విన సంగతి నాకు తెలుసు. నవ్వుకో. బొంతే. కాకపోతే దీన్ని గోడకి వేలాడదీస్తారు. ఆర్ట్ క్విల్ట్ అంటారు. మా ఆయన భాషలో, చలేసినా కప్పుకోకూడని బొంత. పైన బొమ్మ ఉన్న గుడ్డ, మధ్యలో దూది పొర, అడుగున ఇంకో గుడ్డ, మూడూ కలిపి కుట్టడం. ఆ దూది పొర పేరు బ్యాటింగ్. నేను షాపుకి బయల్దేరినప్పుడల్లా "ఎవరి బ్యాటింగ్?" అని ఆయన అడగాల్సిందే, మూడేళ్ళుగా అదే జోకు.

మొదటి క్లాసులో నా పరువు పోయింది. మన కుట్టు టీచరు దగ్గర నాకు "దబ్బనం" అన్న బిరుదు ఊరికే వచ్చిందా? ఇక్కడ ప్రతి అతుకుకీ పావు అంగుళం వదిలి కుట్టాలి. వెంట్రుకవాసి ఎక్కువ కాకూడదు, తక్కువ కాకూడదు. నేను కంటి అంచనాతో లాగించాను. ఒక్కో కుట్టుకి నూలుపోగంత తేడా, చివరికి చదరం 12½ అంగుళాలు రావాల్సింది 11¼ వచ్చింది. టీచరు ఏమీ అనలేదు, దాన్ని పక్కావిడ చదరం పక్కన పెట్టి ఊరుకుంది. అదే నయమా, తిట్టినా బాగుండేది.

తర్వాత కొన్నాళ్ళు స్కేలు పట్టుకుని పడుకున్నానంటే నమ్ము. కొలతలన్నీ కుదిరాయి, బొమ్మలు మాత్రం చచ్చిన చేపల్లా వచ్చేవి. అప్పుడు టీచరు గీస్ బెండ్ ఆడవాళ్ళ క్విల్టుల ఫొటోలు చూపించింది. అలబామాలో నది వంపులో ఉన్న ఊరది. అక్కడి నల్లజాతి ఆడవాళ్ళు పొలం పనికి కట్టి చిరిగిన బట్టలతో, జీన్సు ప్యాంటుల మోకాలి ముక్కలతో పిల్లలకి చలికి బొంతలు కుట్టుకున్నారు. 2002లో ఇదే హ్యూస్టన్‌లో ఫైన్ ఆర్ట్స్ మ్యూజియం వాటిని గోడలకి ఎక్కించింది, 2006లో తపాలా బిళ్ళలు కూడా వేశారు. వాటిలో గీత ఒక్కటీ తిన్నగా ఉండదే! అయినా చూపు మరల్చలేం. అవి చూసొచ్చిన రాత్రి మొదటిసారి స్కేలు పక్కన పెట్టి కత్తెరతో కోశాను. చెయ్యి వణికింది. మా నాయనమ్మ బొంతలు కూడా ఇలాగే ఉండేవి కదా అని అప్పుడు గుర్తొచ్చింది, అంతకుముందు ఒక్కసారైనా... సరే, అది ఇంకో ఉత్తరం.

ఈసారి కుట్టింది మా పాత పెంకుటిల్లు, మిట్టమధ్యాహ్నం. పెంకులన్నీ పెడన కలంకారీ ముక్కలు, ఆ ఎరుపూ గోధుమా కలిసిన రంగులు పెంకులకి అచ్చు సరిపోయాయి. ఆకాశం మంగళగిరి చీర, నువ్వు పెట్టిందే. (కోసేశాను. ఇప్పుడు చెప్తున్నాను. ఏమనుకోకు.) వెడల్పు 36 అంగుళాలు, పొడవు 48. మిషను పళ్ళు కిందికి దింపేసి గుడ్డని చేత్తో మనమే తిప్పుతూ కుట్టాలి, సూదితో ముగ్గేసినట్టు. పైన మెలికలు ముచ్చటగా వస్తాయి. వెనక్కి తిప్పితే దారం పిచ్చుకగూడు కట్టి ఉంటుంది. వెనక ఎవరు చూస్తారులే అనుకున్నాను. ఆ మాట గుర్తుపెట్టుకో.

మా గిల్డు, అంటే క్విల్టులు కుట్టేవాళ్ళ సంఘం, వాళ్ళ ప్రదర్శనకి ఇంక రెండు రోజులుందనగా అడుగుగుడ్డ తక్కువైంది. అడుగుది నాలుగు వైపులా నాలుగేసి అంగుళాలు ఎక్కువుండాలి. రాత్రి పదకొండు, షాపులు లేవు. అప్పుడు పెట్టె అడుగున మా తాతయ్య పొందూరు పంచె కనిపించింది, ఇత్తడి కృష్ణుణ్ణి చుట్టి తెచ్చుకున్నది. పన్నా 50 అంగుళాలు. చూశాను, దణ్ణం పెట్టుకున్నాను, కోశాను.

శనివారం ప్రదర్శన. ఒక చర్చి హాలు, వరసగా కడ్డీలకి క్విల్టులు. ఎవరూ ముట్టుకోకూడదు, చేతి జిడ్డు అంటుతుందని. తెల్ల గ్లవుజులు వేసుకున్న వాలంటీర్లుంటారు, అడిగితే వాళ్ళే అంచు పట్టుకుని వెనక భాగం చూపిస్తారు. ఎందుకంటే ఇక్కడి వాళ్ళకి ముందుకంటే వెనక మీదే కన్ను! మన దగ్గర ఎంబ్రాయిడరీ తిప్పి చూసే అత్తగార్లు గుర్తొచ్చారు.

నేను పక్క క్విల్టు చూస్తున్నట్టు నటిస్తూ నా దాని దగ్గరే తచ్చాడుతున్నాను. మా పెంకుల ముందు పదిమంది దాకా చేరారు. ఒకాయన వెనక చూపించమన్నాడు. నా గుండె జారింది. గ్లవుజుల పెద్దావిడ కింది మూల పట్టుకుని నెమ్మదిగా మడిచింది. నా పిచ్చుకగూళ్ళన్నీ బయటపడ్డాయి. వాటిని ఎవరూ చూళ్ళేదు. అందరి కళ్ళూ మూలనున్న చిన్న నల్ల గుర్తు మీదే. మూడు చుక్కలు, కింద ఒక అడ్డగీత.

చాకలి గుర్తే బుజ్జీ! మా ఇంటి గుర్తు! కోసేటప్పుడు నాకు కనపడనే లేదు.

మామూలుగా ఆ మూలలోనే పేరు, సంవత్సరం రాసిన చీటీగుడ్డ కుడతారు. నేను హడావిడిలో కుట్టలేదు. అందుకని ఆ గుర్తునే చీటీ అనుకున్నారు. "ఇది నీ సంతకమా? ఎంత బాగుంది!" అంది ఒకావిడ, నా మెడలో పేరు బిళ్ళ చూసి. నేను... ఊఁ అన్నాను. ఎందుకన్నానో తెలీదు. "ఆ చుక్కలకి అర్థమేంటి?" అంది. "మేం ముగ్గురు అక్కచెల్లెళ్ళం" అన్నాను. ముగ్గురేంటే! నాకున్నది ఒక్క అన్నయ్య! ఫొటోలు కూడా తీసుకున్నారు.

ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుంటే ముద్ద దిగలేదు. మా అరుగు మీద మన చాకలి మామ్మ కూర్చుని గుర్తులు పెట్టడం కళ్ళ ముందే ఉంది. నల్లజీడి గింజకి పిన్నీసు గుచ్చి, ఆ రసంతో గుడ్డ మూల చుక్క పెట్టేది, పైన ఇంత తడిసున్నం అద్దేది. గోధుమరంగు చుక్క చూస్తుండగానే నల్లబడేది. ఇంక ఎన్ని ఉతుకులు ఉతికినా, బండకేసి బాదినా పోదు. మీ ఇంటిది ఇంటూ గుర్తు. ఏ ఇంటి మూట ఆ ఇంటికి, పుస్తకం లేదు, పలక లేదు, అంతా ఆవిడ బుర్రలోనే. ఒక్క నీ వోణీ తప్ప! (ఆ వోణీ మాట ఎత్తనులే, మీ ఆయన ఉత్తరం చదువుతారేమో.) వద్దన్నా వినకుండా నువ్వు ఆ గింజ ముట్టుకుని అదే చెయ్యి బుగ్గకి రాసుకున్నావు కదా. పొక్కులెక్కి, టెన్త్ గ్రూప్ ఫొటోలో పూర్ణం బూరె!

మా టీచరు మొదట్నుంచీ నెత్తీనోరూ కొట్టుకుంటుంది, చీటీ కుట్టండి, పేరు రాయండి అని. హ్యారియెట్ పవర్స్ అనే ఆవిడ కథ చెప్పేది. జార్జియాలో బానిసగా పుట్టిన మనిషి. బైబిలు కథలన్నీ గుడ్డలో బొమ్మలుగా కత్తిరించి ఒక క్విల్టు కుట్టింది. 1886లో ఒక ప్రదర్శనలో చూసి ఒకావిడ కొంటానంటే ఇవ్వనంది. కొన్నేళ్ళకి ఇల్లు గడవక ఆవిడకే 5 డాలర్లకి ఇచ్చేసింది. ఇచ్చాక కూడా దాన్ని చూసుకోవడానికి వెళ్ళేదట. ఆ కొన్నావిడ కూర్చోబెట్టి, ఏ గడిలో ఏ కథ ఉందో అడిగి రాసిపెట్టుకుంది. ఇప్పుడది స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది, కుట్టినావిడ పేరుతో.

ఆదివారం పొద్దున్నే వెళ్ళి గ్లవుజుల పెద్దావిడకి మొత్తం చెప్పేశాను. సంతకం నాది కాదు, మా బట్టలు ఉతికినావిడది, అక్కచెల్లెళ్ళు అబద్ధం అని. తిడుతుందనుకున్నాను. మళ్ళీ మూల మడిచి, కళ్ళజోడు పైకి తోసి, ఆ చుక్కల్ని చాలాసేపు చూసింది.

"అయితే ఆవిడ పేరేంటి?" అంది.

"మామ్మ" అన్నాను.

"అది పేరా?"

నా దగ్గర జవాబు లేదే. పద్దెనిమిదేళ్ళు వారానికి రెండుసార్లు మా గుమ్మంలోకి వచ్చిన మనిషి. మనం మామ్మ అన్నాం, మా నాయనమ్మ "ఏమే" అంది, తాతయ్య అసలు పిలవనే లేదు. నువ్వైనా ఎప్పుడైనా విన్నావా?

అందుకే ఈ ఉత్తరం. మీ అమ్మగారికి తెలిసుంటుంది, అడుగు. లేదంటే తెనాలి బస్టాండు దగ్గర వాళ్ళబ్బాయి ఇస్త్రీ బండి ఉండేది, ఇంకా ఉందో లేదో చూడు. ఇంటిపేరుతో సహా కావాలి, తెలుగులోనే రాసి పంపు. చీటీగుడ్డ రెడీగా ఉంది, మొదటి వరసలో ఆవిడకి ఖాళీ ఉంచి, రెండో వరసలో నా పేరు రాశాను. పిన్నీసుతో గుచ్చి పెట్టాను, కుట్టలేదు.

పంచె అంచు ముక్క ఒకటి కవర్లో పెడుతున్నాను. వాళ్ళబ్బాయి కనిపిస్తే చూపించు, గుర్తు ఏ ఇంటిదో

అయ్యో, పోస్టు బండి వీధి చివరికి వచ్చేసింది. నీ మోకాలి సంగతి అడగనే లేదు! పేరు మర్చిపోకే.

నీ
దబ్బనం