శాలువాలతో గుండె ధైర్యం రాదు

సంపాదక మహాశయా,

సైన్యంలో అగ్నివీర్‌లుగా ఎంపికైన కుర్రాళ్ళ కోసం నగరంలో పెట్టిన ‘మనోధైర్య సదస్సు’ వార్త గతవారం మీ విశాఖ పేజీలో వచ్చింది. ఫొటోల నిండా ముఖ్య అతిథులూ శాలువాలే. కుర్రాళ్ళెక్కడో వెతుక్కోవాలి! ‘భయాన్ని మరిచిపోండి’ అని వక్తగారి ఉపదేశమట.

భయం మరిచిపోతే పోయేదా? కాల్పుల మధ్య గుండె దడ, చేతుల వణుకు, చూపు ఇరుకైపోవడం, చెవినపడ్డ మాట బుర్రకెక్కకపోవడం ఎవరికైనా మామూలే. ఆ సంగతి ముందే చెప్పకపోతే కుర్రాడు తనది పిరికితనమనుకుని ఇంకా బెదిరిపోతాడు. ఒత్తిడికి టీకా వేసినట్టు తర్ఫీదునిచ్చే పద్ధతిని మనస్తత్వవేత్త మైకెన్‌బామ్ 1970లలోనే రూపొందించారు. ముందు ఒంట్లో ఏమవుతుందో చెప్పాలి. తర్వాత నాలుగు అంకెలు లెక్కిస్తూ ఊపిరి పీల్చడం, నాలుగు ఆపడం, నాలుగు వదలడం, నాలుగు ఆపడం నేర్పాలి. చెయ్యాల్సిన పనిని పొట్టి మాటల్లో తనకు తానే చెప్పుకోవడం అలవాటు చేయాలి. ఆ తర్వాతే ఒత్తిడిలో సాధన. అసలు చెడేది ఇక్కడే. మొదటిరోజే చీకటి, పొగ, పేలుళ్ళు, నిద్రలేమి కలిపి మీద పడేస్తే వాడికి చేతులెత్తేయడమే అలవాటవుతుంది. ఒకటి కుదిరాకే రెండోది కలపాలి. నిద్ర మాన్పిస్తే రాటుదేలతారన్నది ఒట్టి భ్రమ.

పక్కవాడు కొయ్యబారితే ఏం చేయాలో ఆ సభలో ఎవరైనా చెప్పారా? ఇజ్రాయెల్ సైన్యంలో పుట్టి అమెరికా సైన్యానికి చేరిన పద్ధతి ఉంది. వాడి పరిస్థితి గుర్తించి, పేరు పెట్టి పిలిచి, భుజం పట్టుకుని ‘నేనున్నా’ అనాలి. ‘మనం ఎంతమందిమి?’ లాంటి చిన్న ప్రశ్న వేయాలి. ఏం జరిగింది, ఏం జరుగుతోంది, ఏం జరగబోతోంది వరసగా చెప్పి, వెంటనే ఒక పని అప్పజెప్పాలి. అంతా నిమిషంలోపే. అక్కడ ఓదార్పు మొదలెడితే వాడింకా కుంగిపోతాడు.

ఎక్కడికో వెళ్ళి చూడనక్కర్లేదు. మన విశాఖలోనే నౌకాదళ జలాంతర్గామి శిక్షణ కేంద్రం ఐఎన్‌ఎస్ శాతవాహనలో 2024 డిసెంబరులో ‘వినేత్ర’ అనే తర్ఫీదు కేంద్రం ప్రారంభమైంది. ప్రమాదంలో పడ్డ జలాంతర్గామి నుంచి బయటపడటాన్ని అక్కడ 5 మీటర్ల టవర్‌లో, నీళ్ళలో సాధన చేయిస్తారు.

ఊళ్ళో అధికారులకు మాత్రం ఏ పనైనా సభే. దోమలకు ర్యాలీ, హెల్మెట్లకు సదస్సు. గెడ్డ కాలువల్లో పూడిక ఎక్కడిదక్కడే!

సైనికుల కోసం పుణెలోని సాయుధ దళాల వైద్య కళాశాలలో టెలి మానస్ (ఫోన్లో మానసిక సాయం) ప్రత్యేక విభాగం 2023 డిసెంబరులో మొదలైంది. టెలి మానస్ నంబరు 14416. మీరు వేసిన ఫొటోల్లోని బ్యానర్ మీద అదీ లేదు. అతిథుల బొమ్మలకే చోటు చాలలేదు కాబోలు.

– ఒక పాఠకుడు, మద్దిలపాలెం, విశాఖపట్నం