తీరం తాకే గంట ఒక్కటే చాలదు

సంపాదకులకు నమస్కారం.

అట్లాంటిక్‌లో హరికేన్ (పెను తుపాను) పుట్టినప్పుడల్లా అది ఫలానా గంటకు తీరం తాకుతుందని పత్రికల్లో చదువుతుంటాం. ఆ గంట హరికేన్ కన్ను, అంటే దాని నడిమి ప్రశాంత భాగం, ఒడ్డుకు చేరే సమయమే తప్ప, జనం సురక్షిత ప్రాంతాలకు తరలడానికి మిగిలిన గడువు కాదన్న సంగతి ఆ వార్తల్లో కనిపించకపోవడం నన్ను కలవరపెడుతోంది.

కన్ను తీరానికి 300 కిలోమీటర్ల దూరంలో ఉండి, గంటకు 20 కిలోమీటర్ల వేగంతో నేరుగా వస్తోందనుకుందాం. భాగిస్తే 15 గంటలు వస్తుంది. అయితే గంటకు 63 కిలోమీటర్లకు పైబడిన గాలులు కన్నుకు ముందు 160 కిలోమీటర్ల మేర విస్తరించి ఉంటే, అవి ఏడు గంటల్లోనే ఒడ్డును అందుకుంటాయి. ఆ తర్వాత కిటికీలకు చెక్కలు బిగించేందుకు నిచ్చెన ఎక్కడం కూడా ప్రమాదమే.

పైగా వేగమూ దిశా చివరి వరకు స్థిరంగా ఉండవు. తీరానికి దాదాపు సమాంతరంగా సాగే హరికేన్ కాస్త పక్కకు తిరిగినా, తాకే చోటు, సమయం రెండూ తారుమారవుతాయి. 2004 ఆగస్టు 13న అమెరికాలోని టాంపా నగరం వైపు వెళుతుందనుకున్న చార్లీ హరికేన్ కుడివైపు మళ్లి, అక్కడికి చాలా దక్షిణాన ఉన్న కాయో కోస్టా దీవి వద్ద ఫ్లోరిడా తీరాన్ని ముందుగానే తాకింది. అంచనా మార్గాన్ని చూపే పటంలోని సన్నని గీతను నమ్ముకున్నవారికి వ్యవధి చిక్కలేదు.

అమెరికా జాతీయ హరికేన్ కేంద్రం గంటకు 63 కిలోమీటర్లకు పైబడిన గాలులు ఎంత తొందరగా మొదలుకావచ్చో తెలిపే పటాలను 2018 నుంచి క్రమం తప్పకుండా ఇస్తోంది. కన్ను చేరే గంటతోపాటు ఆ సమయాన్ని కూడా, అంతే పెద్ద అక్షరాల్లో, ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు